పసిపిల్లలతో ప్రయాణం: ఎందుకింత తొందర?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లిన కుటుంబాలు తక్కువేమీ కావు. వారిలో భార్యాబిడ్డలను అక్కడికే పిలిపించుకొని కాపురం పెట్టినవారు సెలవుపై స్వస్థలానికి వచ్చినప్పుడు, మదర్సాలో బోధించే మా వంటి వారిని కలిసి కొన్ని మస్‌అలాలు అడిగి తెలుసుకుంటారు. వాటిలో తరచుగా వినిపించేవి ఉమ్రా ప్రయాణానికి సంబంధించినవే. చంటిబిడ్డకు ఇహ్రాం కట్టవచ్చునా? డైపరు వేసిన బిడ్డను ఎత్తుకొని తవాఫ్ చేయవచ్చునా? బిడ్డ తలకు టోపీ పెడితే పరిహారం ఇవ్వవలసి ఉంటుందా? ఈ ప్రశ్నలన్నీ సమంజసమైనవే. అయితే ఆ తండ్రులు తమ ప్రయాణం ఎలా సాగుతుందో వివరించినప్పుడు, వారు అడగని మరొక ప్రశ్న మమ్మల్ని కలవరపెడుతూ ఉంటుంది. రాత్రంతా కారు నడిపే మనిషి నిద్రపోయేది ఎప్పుడు?

ఆ ప్రయాణం చాలామందికి ఇలా ఉంటుంది. సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు. గురువారం సాయంత్రం డ్యూటీ ముగించుకొని తండ్రి ఇంటికి వస్తాడు. తల్లి అప్పటికే అన్నం డబ్బాలకు సర్ది, పిల్లలను సిద్ధం చేసి ఉంటుంది. రియాద్ నుండి మక్కాకు దాదాపు 870 కిలోమీటర్లు. రాత్రంతా నడిపి, శుక్రవారం జుమా హరమ్‌లో చేసి, ఉమ్రా పూర్తిచేసుకొని, శనివారం బయలుదేరి, ఆదివారం తెల్లవారేసరికి మళ్లీ డ్యూటీలో ఉండాలి. అంటే మూడు రాత్రులు, రెండు పగళ్లలో 1,740 కిలోమీటర్లు, మధ్యలో ఒక ఇబాదత్. వెనుక సీట్లో ఐదేళ్ల పాప, ఒడిలో ఏడాది బిడ్డ.

మక్కాకు పోయే ఆ రహదారి సంఖ్య 40. దమ్మామ్‌లో మొదలై రియాద్, తాయిఫ్, మక్కాల మీదుగా జిద్దా చేరుతుంది. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, కడపల మీదుగా సాగే మన జాతీయ రహదారి సంఖ్య కూడా 40 కావడం యాదృచ్ఛికమే. కానీ ఒకే మనిషి ఈ రెండు దారులపై రెండు రకాలుగా ప్రవర్తించడం మేము గమనించాము. సెలవులో ఉన్నప్పుడు అతడు పిల్లలను కారులో ఎక్కించుకొని బెలుం గుహలకు వెళతాడు. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలలో సందర్శకులకు తెరిచిన మేరకు నడిపించి, పాప కాళ్లు నొప్పి అనగానే భుజాన వేసుకుంటాడు. గండికోటకు వెళితే పెన్నా లోయ అంచున పిల్లల చేతులు విడువకుండా నిలబడతాడు, అక్కడి జామియా మసీదు నీడలో కాసేపు కూర్చుంటాడు. ఆళ్లగడ్డ నుండి అహోబిలం వైపు, నల్లమల కొండలు కనబడే ఆ పాతిక కిలోమీటర్ల దారికి ఒక పూటంతా పడుతుంది. గేదెల మంద అడ్డం వస్తే ఆగుతాడు. చెరకు రసం బండి కనిపిస్తే ఆగుతాడు. అడవి మొదలయ్యేచోట పిల్లలు దిగి కోతులను చూస్తామంటే దానికీ ఆగుతాడు.

అహోబిలం మన హైందవ సోదరుల పుణ్యక్షేత్రం. ఆ దారిన కుటుంబాలు కుటుంబాలుగా వచ్చేవారిని ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన మేము చిన్నప్పటి నుండి చూస్తున్నాము. దిగువ అహోబిలం నుండి ఎగువ అహోబిలానికి, అక్కడి నుండి కొండ మీది చోట్లకు దారి కష్టమవుతూ పోతుంది. పసిబిడ్డలున్నవారు తమకు చేతనైనంత మేరకే వెళ్లి, మిగిలినదాన్ని మరో ఏటికి వదిలి తిరిగి వస్తారు. విశ్వాసాలు వేరు, ఆరాధనలు వేరు. కానీ బిడ్డల శక్తిని బట్టి దారిని కొలుచుకోవడమనే ఇంగితం మనుషులందరిదీ. ఈ ఇంగితాన్ని మన వాళ్లు ఇక్కడి 40వ నంబరు రహదారిపై పాటిస్తూ, అక్కడి 40వ నంబరు రహదారిపై ఎందుకు మరచిపోతున్నారు?

అక్కడ పోతున్నది ఆరాధనకు గనుక, ఆరాధనలో కష్టపడితేనే పుణ్యమని వారు భావిస్తున్నారు. ఈ భావనను కొంచెం నిదానంగా పరిశీలించవలసి ఉన్నది.

వారు చేరబోయే పట్టణం ఎలా వెలిసిందో గుర్తు చేసుకుందాం. ఇబ్రాహీం (అలైహిస్సలాం) తన సహధర్మచారిణి హాజిరాను, పాలు తాగే బిడ్డ ఇస్మాయీల్‌ను పైరుపచ్చ లేని ఆ లోయలో వదిలి వెళ్లారు. తోలు సంచిలోని నీరు అయిపోయింది. బిడ్డ దాహంతో అల్లాడుతుంటే ఆ తల్లి సఫా కొండ ఎక్కి చూసింది, మర్వా కొండ ఎక్కి చూసింది. అలా ఏడుసార్లు తిరిగింది. అప్పుడు అల్లాహ్ జమ్‌జమ్ నీటిని ప్రసాదించాడు. ఆ నీటి కోసం జనం వచ్చి స్థిరపడ్డారు, ఊరు వెలిసింది. నేడు మనం చేసే సయీ, దాహంతో ఉన్న బిడ్డ కోసం ఒక తల్లి పడిన ఆరాటానికి స్మృతి. అటువంటి సయీ చేయడానికి పోతూ, వెనుక సీట్లో దాహమని ఏడ్చే బిడ్డతో 'ఇంకో వంద కిలోమీటర్లు ఓర్చుకో' అనడం ఎంతవరకు సబబు?

ఇక మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి ప్రయాణాలు చూడండి. ఆయన బిడారులో అన్జషా అనే ఒంటెలు తోలే యువకుడు ఉండేవాడు. అతడి పాటకు ఒంటెలు వేగం అందుకునేవి. వాటిపై స్త్రీలు ఉన్నారని గుర్తుచేస్తూ, గాజు పాత్రలను మోసుకుపోతున్నంత జాగ్రత్తగా తోలమని ఆయన అన్జషాను మందలించారు. మరో ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (ర) గారి హారం జారిపోయింది. దాన్ని వెతకడం కోసం ఆయన ఆగారు, ఆయనతో పాటు జనమంతా నీళ్లు లేని చోట ఆగిపోయారు. కొందరికి చిరాకు కలిగింది. కానీ ఆ మజిలీలోనే తయమ్ముమ్‌కు సంబంధించిన ఆయతు అవతరించింది. ఇంటి మనిషి వస్తువు కోసం ఆగిన ఆ ఆగడం ప్రళయదినం వరకు ముస్లిములందరికీ ఒక సౌలభ్యాన్ని తెచ్చిపెట్టింది. ఇంకొక ప్రయాణంలో ఆయన సహచరులను ముందుకు పంపి, హజ్రత్ ఆయిషాతో పరుగు పందెం వేశారు. ఆ బాటసారులకు పనులు లేక కాదు. ఇంటివారి సంతోషం కూడా ఆ పనులలో ఒకటిగా ఆయన ఎంచారు.

నిద్ర విషయంలో ఖైబర్ తిరుగు ప్రయాణం మనకు పాఠం. రాత్రంతా నడిచి అలసిన బిడారు తెల్లవారుజామున ఆగింది. ఫజ్ర్ కోసం మేలుకొని ఉండే బాధ్యతను హజ్రత్ బిలాల్ (ర) తీసుకున్నారు. ఆయన కూడా ఒంటెకు ఆనుకొని నిద్రపోయారు. ఎండ తగిలిన తరువాతనే అందరూ లేచి నమాజు చేశారు. బిలాల్ అంతటి వారినే నిద్ర లోబరచుకున్నప్పుడు, పగలంతా డ్యూటీ చేసిన మనం టీ తాగి, ముఖం కడుక్కొని దాన్ని జయించగలమా? పైగా ఆ బిడారు ఆగి నిద్రపోయింది. మన కారు ఆగదు. సౌదీలో కొన్ని రహదారులపై గంటకు 140 కిలోమీటర్ల వరకు అనుమతి ఉన్నది. ఆ వేగంలో కారు సెకనుకు దాదాపు 39 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు కన్ను మూతపడితే 78 మీటర్ల దూరం కారును నడిపేవాడు లేడన్న మాట. ఆ చీకటిలో దారికి అడ్డంగా ఒంటె రావచ్చు, ముందు లారీ ఆగి ఉండవచ్చు. మన ప్రాణాలను మన చేతులతో వినాశంలోకి నెట్టుకోరాదని దివ్యఖుర్ఆన్ హెచ్చరించింది. ఉమ్రా నఫిలో సున్నతో అనే చర్చ ఎలా ఉన్నా, బిడ్డల ప్రాణరక్షణ తండ్రిపై విధి అన్నదానిలో చర్చ లేదు.

షరీఅత్ ప్రయాణికుడికి ఇచ్చిన సౌలభ్యాలను తెలుసుకుంటే తొందరకు అవసరమే ఉండదు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం దాదాపు 48 మైళ్లు, అంటే 77, 78 కిలోమీటర్ల ప్రయాణం సంకల్పించి ఊరి పొలిమేర దాటినవాడు ముసాఫిర్. ఆళ్లగడ్డ నుండి అహోబిలం వెళ్లినవాడు ముసాఫిర్ కాడు. వంద కిలోమీటర్లు దాటిన కర్నూలుకు వెళ్లినవాడు అవుతాడు. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు అతడికి రెండేసి రకాతులే. పదిహేను రోజులకు తక్కువ ఉండే సంకల్పంతో మక్కాలో ఆగినా ఈ ఖస్ర్ వర్తిస్తుంది. స్థానిక ఇమామ్ వెనుక జమాఅత్‌లో చేస్తే మాత్రం నాలుగు రకాతులూ పూర్తి చేయాలి. రెండు నమాజులను ఒకే వేళలో కలిపి చేయడం షాఫయీ, హంబలీ మస్లక్‌లలో ప్రయాణికుడికి అనుమతించబడింది. హనఫీలు జుహ్ర్‌ను దాని చివరి వేళలో, అస్ర్‌ను దాని మొదటి వేళలో చేసుకుంటే ఒకే మజిలీలో రెండూ పూర్తవుతాయి. రమజాన్‌లో వెళితే ఉపవాసాన్ని తరువాతి రోజులకు వాయిదా వేసుకునే అనుమతి ముసాఫిర్‌కు ఉన్నది. పాలిచ్చే తల్లికి తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న భయం ఉంటే ఆమెకూ ఉన్నది. అల్లాహ్ ఇచ్చిన మినహాయింపును స్వీకరించడం కూడా విధేయతే.

ఇక పిల్లల ఉమ్రా. దారిలో ఒక స్త్రీ తన బిడ్డను పైకెత్తి, వీడికీ హజ్ ఉన్నదా అని అడిగినప్పుడు, ఉన్నదని, ఆమెకూ పుణ్యం దక్కుతుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. తెలిసీ తెలియని బిడ్డ తరఫున సంరక్షకుడు నియ్యత్ చేసి తల్బియా పలుకుతాడు. కుట్టిన బట్టలు తీసి ఇహ్రాం చుట్టడం మంచిది. అయితే చలికి టోపీ పెట్టినా, డైపరు వేసినా హనఫీ ఫిఖ్హ్‌లో బిడ్డపైన గానీ తండ్రిపైన గానీ పరిహారం లేదు. బిడ్డను ఎత్తుకొని చేసిన తవాఫ్, ఇద్దరి తరఫున నియ్యత్ ఉంటే ఇద్దరికీ చెల్లుతుంది. రియాద్ వైపు నుండి వచ్చేవారికి మీఖాత్ ఖర్నుల్ మనాజిల్. నేడు అస్‌సైలుల్ కబీర్ వద్ద, హదా ఘాట్ దారిలోనైతే వాదీ మహ్రమ్ వద్ద మసీదులు, స్నానపు వసతులు ఉన్నాయి. కనుక ఇంటి నుండే ఇహ్రాం వస్త్రాలతో 800 కిలోమీటర్లు కూర్చోవలసిన పని లేదు. పిల్లలు మామూలు బట్టలతో హాయిగా ప్రయాణించి, మీఖాత్‌లో స్నానం చేసి సిద్ధం కావచ్చు.

ఆచరణలో మేము ఇచ్చే సలహా ఇది. రెండు రోజుల సెలవులో పరుగెత్తే మూడు ఉమ్రాల కంటే, పండుగ సెలవులలోనో, సంవత్సరపు సెలవులోనో ఐదారు రోజులు కేటాయించుకొని చేసే ఒక ఉమ్రా మేలు. ఫజ్ర్ తరువాత బయలుదేరండి, మగ్రిబ్‌తో ఆపండి. దారిలోని ఊరిలో ఒక రాత్రి పడుకోండి. వీలైతే రెండో రాత్రి తాయిఫ్ చల్లదనంలో గడపండి. నుసుక్ యాప్‌లో ఉమ్రా అనుమతి వేళను ఆగుతూ వెళ్లే ప్రయాణానికి అనువుగా ఎంచుకోండి. రెండు గంటలకొకసారి పిల్లలను దించి నడిపించండి. చంటిబిడ్డ ఎంత ఏడ్చినా, కారు కదులుతుండగా సీటు నుండి తీసి ఒడిలో పెట్టుకోవద్దు, కారు ఆపి ఎత్తుకోండి. విశ్రాంతికి ఆగినప్పుడు రహదారి అంచున కాకుండా పెట్రోలు బంకు ఆవరణలోకి వెళ్లండి. రాత్రి మజిలీ దారికి ఎడంగా ఉండాలని ప్రవక్త (స) ఆనాడే బోధించారు.

ప్రయాణంలో ముగ్గురుంటే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోమన్నారు. ఇంట్లో అమీర్ తండ్రే కావచ్చు. కానీ నమాజుకు ఇమామ్‌గా ఒక సహచరుణ్ణి నియమిస్తూ, జమాఅత్‌లోని అందరికంటే బలహీనుణ్ణి బట్టి నడుచుకోమని ప్రవక్త (స) ఆదేశించారు. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే ఆ తల్లి మనసు తల్లడిల్లుతుందని ఆయన స్వయంగా నమాజునే కుదించారు. నమాజే పసివాడి కోసం కుదించబడినప్పుడు, కారు ఆపడానికి ఏమి అభ్యంతరం? 'అబ్బా, ఇంకా ఎంత దూరం?' అని బిడ్డ అడిగితే విసుక్కోకుండా, నీళ్ల సీసాల లెక్క వాడికి అప్పగించండి. సవారీ దుఆను పాప చేత చెప్పించండి. ప్రవక్త (స) ప్రయాణం నుండి తిరిగి వస్తుంటే పిల్లలు ఎదురువెళ్లేవారు. ఆయన ఒకరిని ముందు, మరొకరిని వెనుక కూర్చోబెట్టుకొని మదీనాలో ప్రవేశించేవారు. ఆ పిల్లలలో ఒకరైన అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (ర) ఆ సవారీని పెద్దయ్యాక కూడా మరువక చెప్పుకున్నారు. మన పిల్లలకు మక్కా దారి ఎలా గుర్తుండాలో నిర్ణయించేది మనమే.

కాబట్టి సెలవు ముగించుకొని తిరిగి వెళుతున్న తండ్రులకు మా విన్నపం ఒక్కటే. ఇహ్రాం మస్‌అలాలతో పాటు, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు నిద్రపోవాలి అన్నది కూడా ఇంటివారితో కూర్చొని ముందుగానే రాసుకోండి. అహోబిలం దారిలో పిల్లల కోసం ఆగిన కారును తాయిఫ్ దారిలో కూడా ఆపండి. అల్లాహ్ మీ ప్రయాణాలను సులభతరం చేసి, మిమ్మల్ని, మీ బిడ్డలను క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్.