ఆటల గంట

ఆదివారం ఉదయం తెలుగు ఉపన్యాసకునికి వుండే తీరిక మహారాజులకు కూడా వుండదు. దిద్దవలసిన కాగితాలు బల్లమీద వుండనే వుంటవి. వాటివంక చూడకుండా వుండటమే ఆనాటి సుఖం. రాజుపాలెంలో మా ఇంటి వసారాలో పడక కుర్చీ వాల్చుకొని, కాఫీ త్రాగుతూ, కల్లాల మీద ఎండుతున్న మిరపకాయల ఘాటుకు నడుమ నడుమ తుమ్ముతూ ఆ సుఖాన్ని అనుభవిస్తున్నాను.

ఇంతలో అమెరికానుండి మా మేనకోడలి కూతురు ఫోను చేసినది. పదేండ్ల పిల్ల. టెక్సాసు రాష్ట్రంలో ఫ్రిస్కో అనే ఊళ్ళో వుంటారు. వారికి అప్పటికింకా శనివారం రాత్రి. ప్రొద్దున ఆడిన సాకర్ ఆటలో తాను రెండు గోల్స్ కొట్టిన వైనమంతా చెప్పి, ఉన్నట్టుండి ఇలా అడిగినది: “తాతయ్యా, మీ ఊళ్ళో ఆడపిల్లలు సాకర్ ఎక్కడ ఆడతారు?”

నేను నసిగి, “అమ్మ ఏం చేస్తోందమ్మా?” అని మాట మార్చినాను. ఫోను పెట్టేసిన తరువాత కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

అమెరికావారికి ఫుట్‌బాల్ అంటే వేరొక ఆట. శిరస్త్రాణాలు ధరించి, కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకొని పరుగెత్తే ఆటకు వారు ఆ పేరు పెట్టుకొన్నారు. లోకమంతా ఫుట్‌బాల్ అనేదానిని వారు సాకర్ అంటారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్లున్నది కదా! కాని ఆ మాట వారు పుట్టించినది కాదు. ‘అసోసియేషన్’ అనే పదాన్ని కుదించి ఇంగ్లండు విద్యార్థులు పెట్టిన ముద్దుపేరు అది.

పురుషుల పోటీలలో అమెరికా చాలాకాలం ఆటలో అరటిపండుగానే వున్నది. 1950 ప్రపంచ కప్పులో ఇంగ్లండును 1–0తో ఓడించి అందరినీ విస్మయపరచినది. ఆ పోటీలలో మళ్ళీ అడుగుపెట్టడానికి మాత్రం నలుబది ఏండ్లు పట్టినది. 1975లో పెలే అంతటివానిని న్యూయార్కుకు రప్పించినారు. జనం విరగబడి చూచినారు. ఆయన వెళ్ళిన కొన్నాళ్ళకే, 1984 పోటీలతో, ఆ లీగు మూతపడినది.

మరి ఆ ఆట అక్కడ వేరూనినది ఎట్లా? వలస వచ్చినవారు తమ సామానుతోపాటు దానిని కూడా తెచ్చుకొన్నారు. అంతకన్న పెద్ద కారణం బడి. ప్రభుత్వ ధనం పుచ్చుకొనే విద్యాసంస్థలు స్త్రీ పురుష భేదం పాటించరాదని 1972లో చట్టం చేసినారు. బడి ఆటస్థలాలు ఆడపిల్లలకు తెరుచుకొన్నవి. 1991లో మహిళలకు తొలి ప్రపంచ కప్పు జరుగగా అమెరికా గెలిచినది. 1999, 2015, 2019లలో మరి మూడుసార్లు గెలిచినది. 1999 తుదిపోటీని పాసడేనాలో తొంబదివేలమంది చూచినారు. 1994లో అక్కడ జరిగిన పురుషుల ప్రపంచ కప్పుకు 35 లక్షలకు పైగా ప్రేక్షకులు వచ్చినారు. 2026 పోటీలను కెనడా, మెక్సికోలతో కలిపి ఆ దేశానికే అప్పగించినారు. పెలే తెచ్చిన జనం పెలేతో పోయినారు. పిల్లలు తెచ్చిన జనం నిలిచినారు.

దీనికి అమెరికా దాకా పోనక్కరలేదు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు వుండేవారు. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. 1951, 1962 ఆసియా క్రీడలలో భారత జట్టుకు స్వర్ణాలు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం ఆయన చలవే. బలమైన కాలితో బంతి తన్నరాదని నియమం పెట్టి, రెండవ కాలికి చేవ తెప్పించేవారట. పంతులు బుద్ధి అంటే అదీ! 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో జయించిన మరుసటి ఏడే, 1963 జూన్‌లో, కేన్సరుతో కన్నుమూసినారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మన దేశానికి మళ్ళీ రాలేదు.

ఆటలు మన పల్నాటికి క్రొత్త కావు. బాలచంద్రుని బొంగరాలాట, నాగమ్మ కోడిపందెం ఇక్కడివే. పందెం కట్టిన ఆట కారెంపూడి రణరంగం దాకా ఈడ్చుకొనిపోయినది. కాని ఆ కథలోనే బ్రహ్మనాయుడు అన్ని కులాలవారికీ ఒకే బంతిని చాపకూడు పెట్టినాడు. పందెం లేని ఆటస్థలం నాకు ఆ చాపకూడును తలపిస్తుంది. అక్కడ ఎవరి బిడ్డ అని ఎవరూ అడుగరు.

సాయంత్రం బడి ఆటస్థలం వైపు నడిచినాను. మగపిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. నలుగురు ఆడపిల్లలు గోడవారగా నిలిచి చూస్తున్నారు. బంతి తమవైపు దొర్లి వచ్చినప్పుడు ఒక పిల్ల దానిని ఆపి, చుట్టూ ఒకసారి చూచి, గట్టిగా విసిరినది. ఎంత చక్కని విసురు!

కాలేజీకి రాకముందు నేను బడిలో తెలుగు చెప్పినాను. సమాసాలు మిగిలిపోయినవని, ఛందస్సు పూర్తి కాలేదని, ఆటల గంటను ఎన్నిమార్లు అరువు పుచ్చుకొన్నానో! పిల్లలు మారు మాటాడక పుస్తకాలు తెరిచేవారు. ఆ అప్పు తీర్చిన జ్ఞాపకం లేదు. ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులలో నావంటి ఋణస్థులు ఇంకా కొందరుండవచ్చును.

వచ్చే ఆదివారం మా మనుమరాలు మళ్ళీ ఫోను చేస్తుంది. ఈలోగా సత్తెనపల్లి వెళ్ళి ఒక బంతి కొనుక్కొని రావాలి. అసలు కొంతైనా తీరుస్తాను. వడ్డీ సంగతి తరువాత చూచుకొందాం.