ప్రొజెక్టరు దీపం

ప్రొజెక్టరు దీపం, బొమ్మను తెరపై చూపడానికి కావలసిన కాంతినిచ్చే భాగం. దీపంతో పనిచేసే ఎల్‌సీడీ, డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో ఎక్కువగా అధిక పీడన పాదరస దీపాలను వాడతారు. ఈ రకపు దీపాన్ని ఫిలిప్స్ సంస్థ 1995లో యూహెచ్‌పీ పేరుతో ప్రవేశపెట్టింది.

పనిచేసే విధానం

క్వార్ట్‌జ్ బుడ్డిలో రెండు టంగ్‌స్టన్ ఎలక్ట్రోడులు సుమారు 1 మిల్లీమీటరు ఎడంలో ఉంటాయి. వాటి మధ్య ఏర్పడే విద్యుచ్చాపమే కాంతినిస్తుంది. వెలిగినపుడు లోపలి పాదరస ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్లుంటుంది.

జీవితకాలం

తయారీదారులు ప్రకటించే జీవితకాలం సాధారణంగా వెలుగు సగానికి తగ్గే సమయాన్ని సూచిస్తుంది; దీపం ఆరిపోయే సమయాన్ని కాదు. ఇది ఎక్కువగా 2000 నుండి 5000 గంటల వరకు ఉంటుంది. పొదుపు విధానంలో నడిపితే పెరుగుతుంది. దుమ్ముతో గాలి వడపోత మూసుకుపోతే దీపం అతిగా వేడెక్కి త్వరగా పాడవుతుంది.

మార్పిడి ఖర్చు

దీపం ధరను అది పనిచేసే గంటలతో భాగిస్తే అసలు ఖర్చు తెలుస్తుంది. ఉదాహరణకు 12,000 రూపాయల దీపం 4000 గంటలు పనిచేస్తే గంటకు 3 రూపాయలు అవుతుంది. 6000 రూపాయల నాసిరకం దీపం 1500 గంటలకే పోతే గంటకు 4 రూపాయలు. రోజుకు 5 గంటల చొప్పున ఏడాదికి 200 రోజులు వాడే తరగతి గదిలో మొదటిది 4 ఏళ్ళు వస్తుంది, రెండవది ఏడాదిన్నర. లేజర్ ప్రొజెక్టర్ల కాంతి జనకం సుమారు 20,000 గంటలు పనిచేస్తుంది. అయితే వాటి కొనుగోలు ధర ఎక్కువ.

జాగ్రత్తలు

గడువు దాటిన దీపం పగిలే ప్రమాదముంది. పూర్తిగా చల్లారిన తరువాతే దీపాన్ని మార్చాలి. కొత్త బుడ్డిని వేళ్ళతో తాకరాదు. పాదరసం విషపదార్థం కనుక పాత దీపాన్ని మామూలు చెత్తలో వేయరాదు.