కాటుక – కజ్జలము

నిర్మలకును ఆదిలాబాదునకును నడుమ రాజమార్గముపై నున్న ఇచ్చోడ ప్రాంతమునఁ దెలుఁగు, మరాఠీ, ఉర్దూ, గోండీ భాషలు కలిసి మెలఁగుచున్నవి. కంటి నలుపునకుఁ దెలుఁగువారు కాటుక యనియు, మరాఠులు కాజళ్ అనియు, ఉర్దూవారు కాజల్ అనియు నందురు. మూఁడును కాకారాదులగుటచేఁ గజ్జలమే కాటుక యైనదని తలఁచుట సులభము. ఆ తలఁపు నిలువదు.

కాజల్, కాజళ్ అనునవి కజ్జల శబ్దభవములే. ద్విత్వము పోయి పూర్వాచ్చు దీర్ఘమగుట యా భాషలకు సహజము. ప్రాకృతపు అజ్జ (అద్య) 'ఆజ్' అయినది. కజ్జలమునకుఁ గుత్సితజలము దేనివలనఁ గలుగునో యది యని సంప్రదాయ వ్యుత్పత్తి. కంటఁ బెట్టినంతనే నీరు కాఱుటఁ జూచి కల్పించినదిగాఁ దోఁచును.

తెలుఁగున నీ ద్విత్వజకారము చెడదు. శయ్య సెజ్జయు, ఉపాధ్యాయుఁడు ఒజ్జయు నైరి కాని టకార మెచ్చటను రాలేదు. లకారము పోయి కకార మెట్లు చేరెనో కూడఁ జెప్పవలసి యుండును. కన్నడమున దీనిని కాడిగె యందురు. తెలుఁగు కానుకకుఁ గన్నడమున కాణికె యున్నట్లే, యిచ్చటను ఉకారమున కికార మెదురుపడుచున్నది. డకార టకారముల భేద మొక్కటియే చిక్కు; అది విడినఁగాని ధాతువును నిర్ణయింపరాదు. సోదరభాషయందుఁ దోడుపద ముండుటచేఁ గాటుక దేశ్యమనుట కడ్డములేదు. తమిళులు మాత్రము కణ్మై, కంటిమసి, యని విడఁదీసి చెప్పుదురు.

అంజనము వేఱు. అఞ్జ ధాతువునకుఁ బూయుట యర్థము. కావున నది పనినిబట్టి వచ్చిన పేరు. సుశ్రుతుఁ డుత్తరతంత్రమున గుటిక, రసక్రియ, చూర్ణము అని యంజనములు మూఁడు విధములు చెప్పెను. వానిని బెట్టు శలాకవలననే శాలాక్యమను వైద్యాంగమునకుఁ బేరు వచ్చినది. తెలుఁగున మందుగాఁ గంటఁ బెట్టునది కలికము, తమిళమునను కలిక్కమే.

కాటుకయో, దీపపు మసి. ఆముదపు దీపముపైఁ బాత్ర బోర్లించి, పట్టిన మసిని నేతితోనో యాముదముతోనో రంగరింతురు. సుర్మా యను పారసీక పదము ఖనిజచూర్ణమునకుఁ బేరు. అందుఁ బలుమాఱు సీసపు గంధకిదము కనఁబడినది. అది శిశువులకు విషము. కావున సుర్మా కెదురుగఁ గాటుక యని వ్రాయు నిఘంటువు వస్తువునే తాఱుమాఱు చేయుచున్నది. కాటుక, కాజల్ అను పేరిట నమ్మిన యంగడి సరకులోను సీసము పట్టువడిన సందర్భములు కలవు. అందు దోషము సరకుది, మాటది కాదు.