కుట్టకుండానే కాల్చే పురుగు

రాత్రి ట్యూబ్‌లైటు కింద కూర్చుంటే మెడ మీద ఏదో పాకుతుంది. చటుక్కున నలిపి తుడిచేస్తాం. ఆ పూట ఏమీ తెలియదు. మర్నాడో ఆ మర్నాడో అక్కడ ఎర్రటి చార తేలి, మండి, పొక్కులు లేస్తాయి. "పురుగు ఉచ్చ పోసింది" అంటారు పెద్దలు. నిజంగా జరిగిందేమిటి?

ఏమిటా పురుగు?

పెడెరస్ అనే ప్రజాతికి చెందిన పెంకుపురుగు. వరి పొలాల్లో ఉండేది ముఖ్యంగా పెడెరస్ ఫుస్కిపెస్. పొడవు 7–8 మిల్లీమీటర్లు. నల్లటి తల, ఎర్రటి మెడ, నడుమున మెరిసే నీలం, నారింజ రంగు పొట్ట, కొసన మళ్ళీ నలుపు. చీమలా పరుగెడుతుంది, కదిపితే తోక ఎత్తుతుంది. దీని కుటుంబం పేరు స్టాఫిలినిడే. అందులో 60 వేలకు పైగా జాతులున్నా, మనలో ఆ పేరు విన్నవాళ్ళు అరుదు.

వరి ఊళ్ళలోనే ఎందుకు?

దీని పిల్లపురుగులు తడి మట్టిలో పెరుగుతాయి. ఉదాహరణకు, 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద నల్గొండ జిల్లా హాలియా చుట్టుపక్కల చెలకలు తరి పొలాలయ్యాయి. తడి, దుబ్బులు, తినడానికి పైరును పీల్చే దోమలు: దీనికి కావలసినవన్నీ అక్కడే ఉంటాయి. కోతలయ్యాక నీడ పోతుంది, రాత్రి దీపాల వెలుగు పిలుస్తుంది.

రెక్కలే కనబడవు, ఎలా ఎగురుతుంది?

పైపెంకులు పొట్టివి కాబట్టి పొట్ట చాలావరకు బయటే ఉంటుంది. దానివల్ల ఒళ్ళు వంచి మట్టి పగుళ్ళలో దూరగలదు. ఎగిరే రెక్కలు మాత్రం పొడవైనవే. వాలగానే పొట్టను పైకి వంచి, దానితోనే రెక్కలను నెట్టి, ఆ చిన్న పెంకుల కింద మడిచి దాచుకుంటుంది.

మరి మంట ఎలా పుడుతుంది?

ఇది కుట్టదు, కరవదు, ఉచ్చా పోయదు. విషం దాని రక్తంలో ఉంటుంది. పేరు పెడెరిన్. మనం నలిపితేనే బయటికొస్తుంది. చర్మ కణాల్లో ప్రొటీన్ల తయారీని ఆపేస్తుంది. కణాలు చావడానికి కొంత సమయం పడుతుంది, అందుకే మంట ఆలస్యం. తుడిచిన దారి వెంటే చార పడుతుంది. మోచేతి మడతలో అంటితే ఎదుటి చర్మం మీద కూడా అదే అచ్చు తేలుతుంది. ఆ చేత్తో కన్ను నులిమితే రెప్ప వాస్తుంది.

అంత విషం దానికెందుకు?

మనకోసం కాదు. అసలు ఆ విషం పురుగు చేసుకున్నదీ కాదు. 1950ల్లో ఇటలీ శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేశారు. దాని నిర్మాణం తేల్చడానికి రెండున్నర కోట్ల పురుగులను పట్టవలసి వచ్చింది. 2002లో జర్మనీ పరిశోధకులు, దాన్ని తయారుచేసే జన్యువులు పురుగు ఒంట్లో కాపురముండే ఒక బ్యాక్టీరియావని చూపించారు. ఆ బ్యాక్టీరియా సూడోమోనాస్‌కు దగ్గరి చుట్టం. విషం ఎక్కువగా ఆడపురుగుల్లో ఉంటుంది, వాటినుంచి గుడ్లకు చేరుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లను పట్టిన సాలీడు రుచి చూసి వదిలేస్తుంది. తల్లి పిల్లలకు కట్టిపెట్టిన రక్ష అది. మన మెడ దారిలో అడ్డుపడిందంతే.

మందు కొట్టి చంపేస్తే?

నష్టం రైతుకే. ఈ పురుగు వరిని పీల్చే సుడిదోమ పిల్లలను, ఆకుచుట్టు పురుగులను, వాటి గుడ్లను తింటుంది. విచక్షణ లేకుండా పిచికారీ చేస్తే ఇలాంటి మిత్రపురుగులు ముందు చచ్చి, సుడిదోమ మళ్ళీ విజృంభిస్తుంది.

మరి ఏం చేయాలి?

ఒంటి మీద పాకితే నలపకండి, ఊదేయండి. లేదా కాగితం మీదికి ఎక్కించి బయట వదలండి. నలిగిపోతే వెంటనే సబ్బుతో కడగండి. ఆ బట్టలూ ఉతకండి. పడక పక్కన లైటు ఆర్పండి, కిటికీకి జాలీ బిగించండి. మామూలుగా ఒకటి రెండు వారాల్లో మానుతుంది, మచ్చ ఇంకొన్నాళ్ళు ఉంటుంది. కంట్లో పడితే మాత్రం ఇంటి వైద్యం వద్దు, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.