స్పెక్ షీట్‌లో ఓడిపోయిన కారే కొన్నా: సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ ఎంపికలో నేను నేర్చుకున్నవి

ఫోన్ కొనాలంటే మనమంతా ఏం చేస్తాం? ఎక్సెల్ షీట్ తెరుస్తాం. ప్రాసెసర్, డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ స్పీడ్ వరసగా పెట్టి మార్కులేస్తాం. కారు కోసం కూడా నేను అదే షీట్ తెరిచా. హార్స్ పవర్, స్క్రీన్ సైజు, స్పీకర్ల సంఖ్య, సన్‌రూఫ్. మూడు వారాలు తిరిగాక ఆ షీట్‌ని డిలీట్ చేసి, కొత్తది రాసుకోవాల్సి వచ్చింది.

కారణం నా నడుము. కొంపల్లి నుంచి కండ్లకోయ దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి, నానక్‌రామ్‌గూడలో దిగి ఆఫీసుకి వెళ్తా. రోజూ వెళ్లి రావడానికి రెండు గంటలు పైనే. గతేడాది ఎంఆర్ఐ తీస్తే ఎల్4-ఎల్5 డిస్క్ ఉబ్బిందని తేలింది. నా పాత హ్యాచ్‌బ్యాక్‌లో స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, ముందే పళ్లు బిగపట్టుకునేవాణ్ణి. కాబట్టి నాకు కావాల్సింది షో చేసే బండి కాదు. సాయంత్రం ఇంటికొచ్చాక నిటారుగా నిలబడనిచ్చే బండి.

కొనడం వేరు, మేపడం వేరు

నా దగ్గరున్న మొత్తం, లోన్‌తో కలిపి, 28 లక్షలు. అదే డబ్బు పెడితే వారంటీతో కొత్త ఎస్‌యూవీ వస్తుంది. నాన్న అదే అన్నారు: "ఏనుగుని కొనడం తేలికే రా, మేపడమే కష్టం." ఆ మాట నిజం. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కారు ధర సగానికి పడిపోతుంది కానీ దాని విడి భాగాల ధర పడిపోదు. 55 లక్షల కారుని 24 లక్షలకి కొన్నా, బ్రేక్ ప్యాడ్లు మాత్రం 55 లక్షల కారువే.

అందుకే 28 లక్షల్లో 4 లక్షలు పక్కన పెట్టేశా. అవి రిపేర్ల కోసమే. కారుకి 24 దాటకూడదు. మొత్తం డబ్బు కారు మీదే పెట్టాల్సి వస్తే మాత్రం కొత్త బండి కొనుక్కోండి. మొదటి పెద్ద బిల్లు రాగానే నిద్ర పట్టకపోతే ఆ మెత్తటి సీటు వల్ల ఉపయోగం లేదు.

టైరు పక్కగోడ చూడండి

ఎవరూ చూడని స్పెక్ ఇదే. టైరు మీద 235/60 ఆర్18 అని ఉంటే, 235 మిల్లీమీటర్లు వెడల్పు, అందులో 60 శాతం పక్కగోడ ఎత్తు. అంటే 141 మి.మీ. అదే కారుకి 235/55 ఆర్19 వేస్తే 129. పై వేరియంట్ అని 255/45 ఆర్20 ఇస్తే 115 మి.మీ.కి కాస్త తక్కువ. గుంతలో పడ్డప్పుడు మొదటి దెబ్బ తినేది ఆ రబ్బరు గోడే. ఫోటోలో 20 అంగుళాల అల్లాయ్ అదిరిపోతుంది, కానీ మన రోడ్ల మీద ఒక సెంటీమీటర్ రబ్బరు కూడా తేడా చూపిస్తుంది.

రన్‌ఫ్లాట్ టైర్లు ఉన్నాయేమో కూడా చూడండి. బీఎండబ్ల్యూ చాలా మోడళ్లకి ఇస్తుంది. పంక్చరైనా కొంత దూరం నడపొచ్చు, కానీ అందుకోసం పక్కగోడ గట్టిగా చేస్తారు కాబట్టి చిన్న గతుకులు ఎక్కువ తెలుస్తాయి. ఇంకో చిట్కా: టైరు మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు 2319 అని ఉంటే, అది 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆరేళ్లు దాటిన టైర్లైతే నాలుగింటి ఖరీదు బేరంలో తగ్గించమని అడగండి.

ట్రాఫిక్‌లో గేర్‌బాక్స్

డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ గేర్లు చకచకా మారుస్తుంది, హైవే మీద మజా వస్తుంది. కానీ అడుగులో అడుగేస్తూ కదిలే ట్రాఫిక్‌లో క్లచ్ పట్టుకోవడం, వదలడం ఒక్కోసారి చిన్న కుదుపుగా తెలుస్తుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తి ఆయిల్ ద్వారా అందుతుంది కాబట్టి నెమ్మదిగా పాకడం దానికి అలవాటైన పని. నా లిస్టులో ఆడి క్యూ5కి 7 స్పీడ్ డ్యూయల్ క్లచ్, బీఎండబ్ల్యూ ఎక్స్3కి 8 స్పీడ్, మెర్సిడెస్ జీఎల్‌సీకి 9 స్పీడ్ టార్క్ కన్వర్టర్లు. మీ రూట్‌లో సిగ్నళ్లు ఎక్కువైతే ఈ తేడాకి మార్కులు ఎక్కువ వేయండి.

డీజిల్ తీసుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఆ మసిని కాల్చుకోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి, కొంతసేపు ఒకే వేగంతో నడవాలి. రోజూ 5 కి.మీ. వెళ్లొచ్చేవాళ్లకి అది కుదరదు, ఫిల్టర్ మూసుకుపోతుంది. వాళ్లకి పెట్రోలే మేలు. నాకు రోజూ ఓఆర్ఆర్ ఉంది కాబట్టి డీజిల్ నడుస్తుంది.

ఎయిర్ సస్పెన్షన్: ఒక ఉదయం కథ

లిస్టులో అన్నిటికన్నా హాయిగా నడిచింది ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ఒక ఎస్‌యూవీ. పేరు చెప్పను. పది నిమిషాల డ్రైవ్‌లోనే అడ్వాన్స్ ఇచ్చేద్దామనిపించింది. ఎందుకైనా మంచిదని సాయంత్రం నాలుగు చక్రాల పైన, ఫెండర్‌కి మధ్య గ్యాప్ టేపుతో కొలిచి ఫోటోలు తీసుకున్నా. "రేపు పొద్దున నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి సార్" అని యజమానిని అడిగా.

పొద్దున ఏడింటికి వెళ్లి చూస్తే ముందు ఎడమవైపు నాలుగు వేళ్లు కిందికి దిగిపోయి ఉంది. రాత్రంతా గాలి కారింది. లీక్ అవుతున్న కొద్దీ దాన్ని నింపడానికి కంప్రెసర్ ఎక్కువ పనిచేస్తుంది, చివరికి అదీ పోతుంది. ఆ రెండూ మార్చడానికి అయ్యే ఖర్చు విన్నాక నా 4 లక్షలు గుర్తొచ్చాయి. దండం పెట్టి వచ్చేశా.

ఓబీడీ డాంగిల్: మన ఆయుధం

ఇది మాత్రం మన ఏరియా. ఓబీడీ2 బ్లూటూత్ డాంగిల్ ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. స్టీరింగ్ కింద ఉండే పోర్ట్‌కి పెట్టి, ఫోన్‌లో యాప్ తెరిచి మూడు విషయాలు చూడండి. ఒకటి, ఎర్రర్ కోడ్‌లు. రెండు, రెడీనెస్ మానిటర్లు. మూడు, కోడ్‌లు చెరిపాక కారు తిరిగిన దూరం. ఒక డీలర్ దగ్గర "ఒక్క కంప్లైంట్ లేదు బ్రో, నీట్ బండి" అన్న కారుకి డాంగిల్ పెడితే కోడ్‌లు సున్నా. మానిటర్లు సగం పూర్తి కాలేదు. కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం 11 కి.మీ. బ్యాటరీ తీసి పెట్టినా అలా చూపించొచ్చు, కానీ అడిగితే డీలర్ టాపిక్ మార్చేశాడు. నేనూ షోరూమ్ మార్చేశా.

అయితే చవక డాంగిల్ ప్రధానంగా ఇంజిన్ డేటా మాత్రమే చదువుతుంది. గేర్‌బాక్స్, సస్పెన్షన్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూళ్లకి ఆ బ్రాండ్ స్కానర్ కావాలి. నచ్చిన ఒక్క కారుని అలాంటి స్కానర్ ఉన్న వర్క్‌షాప్‌కి తీసుకెళ్లి, లిఫ్ట్ ఎక్కించి చూపించండి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరమే వద్దు.

స్క్రీన్ సంగతి

పాత లగ్జరీ కారులో స్క్రీన్ అంటే పాత ఫోన్. ఉదాహరణకి బీఎండబ్ల్యూ ఆండ్రాయిడ్ ఆటో ఇవ్వడం మొదలుపెట్టిందే 2020లో, అదీ ఐడ్రైవ్ 7 ఉన్న కార్లకి. అంతకు ముందరి కారు తీసుకుంటే మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ని హోల్డర్‌కే తగిలించాలి. ఇది తెలుసుకుని ఉండండి, కానీ దీని కోసం మంచి కారుని వదులుకోకండి. స్క్రీన్ తర్వాతైనా మార్చుకోవచ్చు, సీటు కింద ఉన్న బాడీని మార్చలేం.

కాగితాలు

పరివాహన్‌లో ఆర్సీ నంబర్ కొట్టి ఓనర్ల సంఖ్య, లోన్, ఇన్సూరెన్స్ గడువు చూడండి. పెండింగ్ చలాన్లూ తీయండి. లోన్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వొద్దు. బదిలీకి ఫారం 29, 30. ఢిల్లీలో పాత డీజిల్ కార్ల మీద ఆంక్షలు ఉన్నాయి కాబట్టి అక్కడి బండ్లు ఊరించే ధరకి కనిపిస్తాయి. కానీ ఇక్కడికి తెచ్చుకోవాలంటే ఫారం 28 ఎన్ఓసీ, మళ్లీ లైఫ్ ట్యాక్స్. అవన్నీ కలిపి లెక్కేశాకే చవకో కాదో తేలుతుంది.

చివరికి ఏం కొన్నా

2018 మెర్సిడెస్ జీఎల్‌సీ 220డి. ఒకే ఓనర్, తెలంగాణ రిజిస్ట్రేషన్, సర్వీస్ రికార్డులన్నీ ఉన్నాయి. నా మొదటి షీట్‌లో ఇది ఆఖరి స్థానం. 170 హార్స్ పవరే, స్క్రీన్ చిన్నది, పైగా టచ్ కాదు. మామూలు స్టీల్ స్ప్రింగులు. కానీ 19 అంగుళాల టైర్లు, టార్క్ కన్వర్టర్, కాళ్లు పైకి ఎత్తకుండా, నడుము వంచకుండా పక్కకి తిరిగి కూర్చునే ఎత్తు. టెస్ట్ డ్రైవ్ కాలనీలో కాకుండా నా ఆఫీసు రూట్‌లోనే 50 నిమిషాలు చేశా, అమ్మని వెనక కూర్చోబెట్టి. దిగాక నడుం పట్టుకోలేదు. అమ్మ నిద్రపోయింది. అంతకన్నా బెంచ్‌మార్క్ ఏముంటుంది?

నాలుగు నెలలైంది. పక్కన పెట్టిన డబ్బులోంచి టైర్లు, బ్యాటరీ, ఆయిల్ సర్వీస్‌కి లక్ష దాటింది. ఇవన్నీ ముందే ఊహించినవే కాబట్టి బాధ అనిపించలేదు. మిగతా డబ్బు తాకకుండా ఉంచా, రేపు ఏ బిల్లు వస్తుందో తెలీదు కాబట్టి.

మీరూ షీట్ రాసుకుంటే మొదటి కాలమ్‌లో హార్స్ పవర్ పెట్టకండి. "నా దారిలో గంట నడిపి దిగాక ఎలా ఉన్నా?" అని పెట్టండి. మిగతా కాలమ్‌లన్నీ దాని తర్వాతే.