డిమెన్షియా మందుల సంగతి మత్తు వైద్యుడికి ముందే చెప్పాలి

కద్మా (జంషెడ్‌పుర్‌): ఉక్కు నగరానికి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలు పలువురు కద్మా వంటి ప్రాంతాల్లో వృద్ధాప్యం గడుపుతున్నారు. డిమెన్షియా ఉన్న వ్యక్తి జారిపడి తుంటి ఎముక విరిగితే, తాను వాడే మాత్రల పేర్లు చెప్పలేకపోవచ్చు. శస్త్రచికిత్స వేళ ఆ సమాచారమే కీలకం.

డోనెపెజిల్‌, రివాస్టిగ్మిన్‌, గాలంటమిన్‌ మందులు అసిటైల్‌కోలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. దాంతో ఆ రసాయనం మెదడులోనే కాక, నరం కండరాన్ని కలిసే చోట కూడా పెరుగుతుంది. అనస్థీషియాలో ఇచ్చే కండర సడలింపు మందులు పనిచేసేదీ అక్కడే.

సక్సినైల్‌కోలిన్‌ ప్రభావం సాధారణంగా 10 నిమిషాల్లో తగ్గుతుంది. ఈ రోగుల్లో అది ఎక్కువసేపు నిలిచి, కృత్రిమ శ్వాసను కొనసాగించాల్సి రావచ్చు. రోకురోనియం, వెకురోనియం మాత్రం ఇందుకు భిన్నంగా తక్కువగా పనిచేయవచ్చు. వాటి ప్రభావాన్ని తొలగించే నియోస్టిగ్మిన్‌ కూడా ఆశించిన ఫలితం ఇవ్వకపోవచ్చు. సుగమడెక్స్‌కు ఆ ఎంజైమ్‌తో సంబంధం లేదు.

డోనెపెజిల్‌ మోతాదు రక్తంలో సగానికి తగ్గేందుకే సుమారు 70 గంటలు పడుతుంది. అందువల్ల ముందురోజు మాత్ర మానేసినా ముప్పు తొలగదు. వైద్యుల సలహా లేకుండా ఆపితే డిమెన్షియా లక్షణాలు తీవ్రం కావచ్చు. మందుల చీటీతో పాటు, ఒంటికి అంటించిన రివాస్టిగ్మిన్‌ ప్యాచ్‌ ఉంటే దానినీ మత్తు వైద్యుడికి ముందుగానే చూపాలి.