మూత్రపిండ వ్యాధిలో పథ్యం: చలువ చేసేదంతా మేలు చేయదు

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత భాగాలు ఉంటాయి. కొన్ని దెబ్బతిన్నా మిగిలినవి ఆ భారం మోస్తాయి. అందువల్ల దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి తొలిదశలో బాధ తెలియదు. ముఖం ఉబ్బడం, పాదాలకు నీరు పట్టడం, ఆకలి మందగించడం కనిపించే నాటికి తరచుగా వ్యాధి ముదిరి ఉంటుంది.

మధుమేహం, అధిక రక్తపోటు దీనికి ముఖ్య కారణాలు. అయితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ రెండూ లేని రైతులు, కూలీలు సైతం ఎందరో దీని వాత పడ్డారు. అక్కడి మూలకారణం ఇంకా నిశ్చయంగా తేలలేదు. 2023లో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనాయి.

మా పోచంపల్లిలో నేతపనివారు గంటల తరబడి గుంటమగ్గం మీద కూర్చుంటారు. నడుమునొప్పికి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు తామే కొని నెలల తరబడి మింగేవారిని చూస్తుంటాను. ఇవి మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. శుద్ధి సరిగా జరగని లోహభస్మాలూ ప్రమాదకరమే. ఆయుర్వేదమన్న పేరున్నంత మాత్రాన ఏ ఔషధమూ నిరపాయకరం కాజాలదు.

ఇక చలువ మాట. మూత్రం సాఫీగా రావడానికి కొబ్బరినీళ్ళు, పండ్లరసాలు ఇవ్వడం మన ఇళ్ళలో వాడుక. ఆరోగ్యవంతునికి అవి మంచివే. వ్యాధి ముదిరిన వానికి మాత్రం వాటిలోని పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకొని, గుండె లయను చెడగొట్టి ప్రాణం మీదికి తెస్తుంది. ఉప్పుకు బదులుగా అమ్మే తక్కువ సోడియం ఉప్పులోనూ సాధారణంగా పొటాషియమే ఉంటుంది. వాపును హరించేదిగా శాస్త్రం చెప్పిన పునర్నవను, అనగా గలిజేరును సైతం రక్తపరీక్ష చూడకుండా వాడరాదు.

పాటించవలసిన నియమాలు:

మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏటా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి.

ఊరగాయలు, అప్పడాలలోని ఉప్పును కూడా కలిపి రోజుకు 5 గ్రాములు మించరాదు.

పొటాషియం పెరిగినవారు కూరగాయ ముక్కలను ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు వార్చి వండుకోవాలి.

నీరు, పప్పు ఎంత తీసుకోవాలో దశను బట్టి వైద్యుడే నిర్ణయించాలి.

డయాలిసిస్ మానిపించి కషాయంతో నయం చేయమని నన్ను అడిగేవారున్నారు. పూర్తిగా చెడిన మూత్రపిండాన్ని తిరిగి బాగుచేయగల మూలిక ఏదీ లేదు. డయాలిసిస్ మానితే ప్రాణాపాయం. పథ్యం చికిత్సకు తోడే కాని, దానికి బదులు కాదు. ఇంట్లో ఇచ్చే ప్రతి కషాయాన్నీ చికిత్స చేసే వైద్యునికి ముందుగా చెప్పండి.